ఆ రోజు "ఎడమ" అని అరిచింది నేనే

నిన్న పొద్దున జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. మా పాత ప్లేయర్స్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది.

"నర్సింగన్న పోయిండు."

మూడుసార్లు చదివాను. ఎవరో వచ్చి కారు అద్దం మీద తట్టేదాకా గ్రీన్ పడిందని కూడా తెలియలేదు.

గ్రూపంతా దండాల ఎమోజీలతో నిండిపోయింది. నేను ఒక్కటీ పెట్టలేకపోయాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. మా కంపెనీ ఫుట్‌బాల్ టీమ్‌లో స్టాపర్ బ్యాక్. అంటే గోల్‌కీపర్‌కి ముందు నిలబడే ఆఖరి మనిషి. బంతి ఆయన్ని దాటి వస్తే ఇక మిగిలేది నేనే. తొమ్మిదేళ్లు అలా ఆడాం.

నిజం చెప్పాలంటే ఆయన ముఖం కంటే వీపే నాకు బాగా తెలుసు. జెర్సీ మీద ఐదో నంబరు, కుడి భుజం కాస్త కిందికి.

గోల్ కొట్టినవాడి ఫొటో పేపర్లో వేస్తారు. ఆపినవాడి ఫొటో ఎవడు వేస్తాడు? నర్సింగన్న ఫొటో కెరీర్ మొత్తంలో ఒక్కసారే పడింది, అదీ సెల్ఫ్ గోల్ అయిన రోజు. ఆ కటింగ్ దాచుకుని అందరికీ చూపించేవాడు.

"ఫొటో అయితే మంచిగొచ్చింది గద తమ్మీ" అనేవాడు.

మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. వెనకనుంచి గ్రౌండ్ మొత్తం కనిపించేది నాకు. కుడో ఎడమో నేను అరిచి చెప్పాలి. ఆయన తిరిగి చూడకూడదు. చూసేలోపు అవతలివాడు దాటిపోతాడు. నేను "ఎడమ" అంటే ఆలోచించకుండా అటే పడేవాడు.

మ్యాచ్‌కి ముందు వచ్చి నా గ్లవ్స్ మీద ఒక్కటి కొట్టేవాడు. "నువ్వు ఒర్రు. మిగతాది నేను జూస్కుంట."

తర్వాత మోకాలు పోయింది. కంపెనీ వాళ్లు టీమే ఎత్తేశారు. వదిన కూడా పోయింది. పిల్లలు లేరు.

బోరబండ ఇల్లు వదిలేసి కృష్ణానగర్‌లో ఒక గదిలోకి మారాడు. సినిమాల్లో ఫుట్‌బాల్ సీన్లు ఉంటే పిలిచేవారు. పనేంటంటే, హీరో బంతి తీసుకుని వస్తుంటే అడ్డం వెళ్లి, ఓడిపోయి, కింద పడాలి.

జీవితమంతా ఎవర్నీ దాటనివ్వని మనిషి చివరికి ఆ పని మీద బతికాడు. నాకైతే కడుపు మండేది. ఆయన మాత్రం పడటం కూడా శ్రద్ధగా నేర్చుకున్నాడు. పొద్దున్నే పార్కులో గడ్డి మీద ప్రాక్టీస్ చేసేవాడు.

నాలుగేళ్ల క్రితం ఒక సినిమాకి గోల్‌కీపర్ కావాలన్నారని నన్నూ తీసుకెళ్లాడు. ఫిల్మ్‌నగర్ దగ్గర గ్రౌండ్. క్లైమాక్స్ షాట్. నర్సింగన్న కుడివైపు పడాలి. హీరో ఎడమ పక్కనుంచి దాటి గోల్ కొట్టాలి. గ్యాలరీలో జూనియర్ ఆర్టిస్టులు ఒకటే గోల.

యాక్షన్ అన్నారు. నా ముందు మళ్లీ అదే వీపు. అదే ఐదో నంబరు. హీరో దూసుకొస్తున్నాడు.

నాకు తెలియకుండానే "ఎడమ" అని అరిచాను.

ఆయన ఎడమకే పడ్డాడు. బంతి శుభ్రంగా తీసేశాడు. హీరో బోర్లా పడ్డాడు, మణికట్టు బెణికింది. షూటింగ్ ఆగిపోయింది.

డైరెక్టర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏంటయ్యా, నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?"

నర్సింగన్న నావైపు చూడను కూడా చూడలేదు. "తప్పయింది సార్. పాత అలవాటు" అన్నాడు.

నేను నోరు విప్పలేదు. అన్ని కేకల్లో నా కేక ఎవరికీ వినపడలేదు, ఆయనకి తప్ప.

తిరిగొచ్చేటప్పుడు యూసుఫ్‌గూడలో చాయ్ తాగాం. "నా పేరు చెప్పాల్సింది అన్నా" అన్నాను, పెద్ద మగాడిలా.

"చెప్తే ఇద్దరం పోతుంటిమి. ఫికర్ జెయ్యకు." చాయ్ గ్లాసు కింద పెట్టి అడిగాడు. "గా బాల్ తీసుడు ఎట్లున్నది తమ్మీ?"

"క్లీన్‌గా తీశావన్నా."

ఎంత సంతోషపడ్డాడో.

ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఆయన్ని పెడితే హీరోలకి దెబ్బలు తగులుతాయని పేరొచ్చింది. నన్ను మాత్రం ఇంకో రెండు సినిమాలకి పిలిచారు. వెళ్లాను.

సిగ్గుతో ఆయనకి దూరమయ్యాను. ఆదివారాలు ఫోన్ చేసేవాడు, నేను ఎత్తేవాణ్ణి కాదు. పోయిన నెల ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఊకెనే చేసిన తమ్మీ. ఏం పని లేదు."

మా ఇంటి నుంచి పది నిమిషాల దూరం. వెళ్లలేదు. దానికి నా దగ్గర ఏ సాకూ లేదు.

నిన్న వెళ్లాను. పాల ప్యాకెట్ తలుపు దగ్గరే ఉండిపోతే ఇంటి ఓనర్ తలుపు కొట్టి చూశాడట. నిద్రలోనే పోయాడు. మంచం కింద బూట్లు పాలిష్ చేసి పెట్టి ఉన్నాయి.

"ఫుట్‌బాల్ ఆడేటోడా? సినిమాల్ల కింద పడ్తడు అని చెప్పిండు, గంతే" అన్నాడు ఓనర్.

తొమ్మిదిమందిమి వచ్చాం. పాడె ముందువైపు పట్టమన్నారు నన్ను. వెనక పడతానన్నాను. ఆయన వెనక ఉండటమే నాకు తెలిసిన పని.

రోడ్డు చీలిన చోట ముందున్నవాళ్లు ఆగారు. శ్మశానం ఎటో వాళ్లకి తెలియదు.

"ఎడమ" అన్నాను.

పాడె ఎడమకే తిరిగింది.

ఆ సినిమా టీమ్‌లో ఎవరైనా ఇది చదివితే తెలుసుకోండి. తప్పు నర్సింగన్నది కాదు, నాది. ఆయన తన కీపర్ మాట విన్నాడు, అంతే.

అన్నా, ఇక ఎవర్నీ ఆపక్కర్లేదు, ఎవరికోసమూ కింద పడక్కర్లేదు. ఆ మోకాలు చాపుకుని హాయిగా పడుకో. నేను అరవను.