డారతీ పిస్తోలు, మా ఆవిడ అప్పడాలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఉన్నదాన్ని ఊదిపెట్టి చెప్పే జబ్బుంది. మా ఆవిడ సుభద్ర నా మాటల్ని సగానికి కోసి నమ్ముతుంది. మీరూ ఓ కత్తెర దగ్గర పెట్టుకుని చదవండి.

1982 చలికాలం. మిషిగన్‌లో నోవై దగ్గర కార్ల విడిభాగాల కంపెనీ నన్ను లే ఆఫ్ చేసింది. ఉక్కు అచ్చులు చెక్కేవాణ్ణి. ఆ చేతి నైపుణ్యం గురించి విని, పిస్తోళ్ళు బాగుచేసే వాల్టర్ తన షాపులో ట్రిగర్ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆయన ఎంత భారీ మనిషంటే, లోపలికొస్తే హీటర్ ఆపేసేవాళ్ళం. నూనె, మాడిన కాఫీ కలిసిన ఆ షాపు వాసన ఇప్పటికీ నా ముక్కులో అద్దె కట్టకుండా కాపురముంటోంది.

పిస్తోలులో సుత్తిని ఒక చిన్న ఉక్కు మెట్టు పట్టి ఆపుతుంది. దాన్ని సియర్ అంటారు. ట్రిగర్ నొక్కితే పట్టు జారి సుత్తి పడుతుంది. జారేముందు వేలికి గరగరా ఈడ్చినట్టు తగిలేదాన్ని క్రీప్ అంటారు. అది పోవాలని పట్టు మరీ తగ్గిస్తే, ఒక తూటా పేలిన కుదుపుకే సుత్తి మళ్ళీ జారి రెండోదీ పేలుతుంది.

స్కూలు బస్సు నడిపే డారతీకి అంతకుముందు ఏడాది పిస్తోలు పోటీలో అదే జరిగింది. ఎవరో ఆమె ట్రిగర్‌ని మరీ తేలిక చేసిపెట్టారు. ఒక్క నొక్కుకు రెండు పేలాయి. కాల్పుల రేంజ్‌ని చూసుకునే ఆఫీసర్ ఆమెని కాల్చేవాళ్ళ లైన్‌లోంచి పంపేశాడు. మళ్ళీ జరిగితే టీములో చోటుండదని క్లబ్బువాళ్ళు చెప్పేశారు.

"రెండు పేలకూడదు. కానీ ఇప్పుడున్నంత తేలిగ్గానే ఉండాలి. ట్రిగర్ బరువు పెంచావో, నీ బల్ల మీదికి బస్సెక్కిస్తా," అంది నాతో.

"ఇంజనీరూ, ఆవిడకి రెండూ కావాలట. కానియ్," అని వాల్టర్ కాఫీ వంకన మాయమయ్యాడు.

పట్టు పెంచాలి, స్ప్రింగు బిగించాలి. అప్పుడు నొక్కడానికి కావలసిన బరువు పెరక్క మానదు. బస్సు చక్రాలు కళ్ళ ముందు తిరుగుతుండగా ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. కంచంలో వేడి అప్పడం ఫెళ్ళున విరిగింది. పక్కనున్న మెత్తబడిన అప్పడం వంగింది, సాగింది, ఎంతకీ తెగలేదు. గట్టిదే వేలికి తేలిగ్గా అనిపించింది! మరోటి విరిచాను. ఇంకోటి.

"ఏమండీ, తింటారా, విరుస్తూ కూర్చుంటారా?"

"ఉండవోయ్, ఉద్యోగం చేస్తున్నా."

మర్నాడు పట్టు నిండుగా ఉంచాను. స్ప్రింగూ బిగించాను. సుత్తీ సియరూ తగిలే రెండు ముఖాలూ సరిగ్గా ఆనేలా నూనెరాయి మీద నున్నగా తీశాను. వాల్టర్ రేంజ్‌లో బోలెడు తూటాలు కాల్చి చూశాడు. ఒక్కసారీ రెండు పేలలేదు.

డారతీ వచ్చి, ఖాళీ పిస్తోలు పట్టుకుని, కళ్ళు మూసుకుని నొక్కింది. "ఇంకా తేలిక చేశావే! మాట వినే మగాణ్ణి మొదటిసారి చూస్తున్నా."

వాల్టర్ ట్రిగర్‌కి తూకం బరువు తగిలించి పిస్తోలు పైకెత్తాడు. పాత ట్రిగర్ మోయలేని బరువును ఇది పట్టుకుని నిలబడింది.

"అయితే నా వేలు అబద్ధం చెప్పిందా?"

"నీ వేలిని ఇన్నాళ్ళూ విసిగించింది గరగర. బరువు కాదు," అన్నాడు వాల్టర్.

పోటీనాడు ఆమె వెనక నిలబడి, ఆమె నొక్కినప్పుడల్లా పేలినవి లెక్కపెట్టాను. ప్రతి నొక్కుకూ ఒకటే పేలింది. చివరికి వాల్టరంత ఎత్తు కప్పు ఆమె చేతికొచ్చింది.

ఇక కత్తెర తీయండి. అప్పడాలు నిజం. ఆ తర్వాత కొత్తగా పనిలో చేరినవాళ్ళకి వాల్టర్ మొదట ఒక అప్పడం విరిచి చూపించి, ముక్కలు తనే తినేవాడు. కప్పు మాత్రం నేను కల్పించింది. స్కోరు వరసలో డారతీ ఎక్కడో మధ్యలో నిలిచింది. కానీ ఆమెని లైన్‌లోంచి ఎవరూ పంపలేదు. టీములో ఆమె చోటు ఆమెకే ఉండిపోయింది.

ఆ పని నాకు నేర్పింది ఇంతే. ముందు సుత్తి నిలిచేంత పట్టు ఉంచాలి. వేలికి కావలసిన హాయిని మిగిలిన చోటులో వెతుక్కోవాలి.