వాసనకి పథ్యం లేదు

కమలా, నువ్వు రాసినట్టు నా కడుపునొప్పి అజీర్తి కాదే. పెద్దపేగులో పుండ్లట, బతికినంతకాలం ఉండే జబ్బట. నిన్న బెజవాడ డాక్టరు చెప్పాడు. మామిడిపండు ముట్టవద్దన్నాడు. నూజివీడు మనిషికి ఆ మాట చెప్పడానికి ఎంత గుండె ఉండాలి.

ఈ మధ్యాహ్నం తోట చూసుకునే వీరమ్మ, గడ్డిలో మాగిన తొలి చిన్నరసం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను రుచి చూసి సరే అంటేనే గదా మనింట్లో పండ్లు బండెక్కేది. పండును ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. చిన్నప్పుడు మోచేతుల దాకా కారిన రసం, మా నాన్న, అదే మీ తాతయ్య, పంచె మీద పడ్డ మరకలు, అన్నీ మెల్లగా వచ్చి వెళ్ళాయి. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

"నిద్రపోయారా అమ్మగారూ?" అంది వీరమ్మ.

"లేదే, తింటున్నాను. తియ్యగా ఉంది, బండి కట్టమను."

"పండు అలాగే ఉంది గదండీ."

"అయితే నువ్వు తిని చెప్పు, నేను అబద్ధమాడానేమో."

వీరమ్మ టెంక దాకా చీకి, మూతి తుడుచుకుని, బండి కట్టించడానికి వెళ్ళింది.

డాక్టరు వాసనకి పథ్యం చెప్పలేదు. నువ్వేమంటావో రాయి. ఆదివారం వచ్చేటప్పుడు జావకి రెండు శేర్లు పాతబియ్యం తీసుకురా. రాళ్ళు ఏరించి తే, ఆ పేగుకి పుండ్లు చాలు.