నా తుపాకీతో మా ఆడబిడ్డ

మా ఆడబిడ్డను స్కీట్ షూటింగ్‌కు మొదట తీసుకెళ్ళింది నేనే. ఇంట్లో ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు కాబట్టి ముందే చెబుతున్నాను.

నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో నా ఉద్యోగం. వారమంతా మాస్కు, సీసాలు, రసాయనాల వాసన. ఆదివారం మాత్రం ఉప్పల్‌లోని మా ఇంటి నుంచి నగరం అవతలి కొసన ఉన్న షూటింగ్ రేంజ్‌కు బండి మీద వెళ్ళేదాన్ని. కాలేజీలో ఎన్‌సీసీ రైఫిల్ పట్టిన చేతులు, పిల్లాడు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక మళ్ళీ ఊరుకోలేదు. స్కీట్‌లో ఒకవైపు ఎత్తైన గది, ఎదురుగా పొట్టి గది ఉంటాయి. "పుల్" అని అరవగానే వాటిలోంచి నారింజ రంగు మట్టి బిళ్ళలు గాల్లోకి దూసుకొస్తాయి. అర్ధచంద్రాకారపు గీత మీద చోటు మారుతూ వాటిని పేల్చాలి. బిళ్ళ పొడిపొడిగా రాలినప్పుడల్లా వారం రోజుల అలసట దిగిపోయేది.

మా హాల్లో గోడ మీద నా పతకాలు వేలాడేవి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అత్తమ్మ వాటిని చూపించి "మా కోడలు తుపాకి కాలుస్తది" అనేది. ఆ మాట వినడానికి నేను వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేదాన్ని.

మా ఆడబిడ్డ నాగోల్‌లో ఉంటుంది. అక్కడే ఒక బడిలో లెక్కల టీచరు. ఒక ఆదివారం పుట్టింటికొచ్చి, "వదినా, నేను గూడ వస్త. నాకు జర సూపియ్యి" అంటూ నా బండెక్కింది. రేంజ్‌లో నా తుపాకీనే ఆమె చేతికిచ్చి, దాని వెనక కట్టెను చెంపకు ఎలా ఆనించాలో, బిళ్ళకంటే కాస్త ముందుకు ఎలా గురి పెట్టాలో చెప్పాను. మొదట్లో తప్పాయి. తర్వాత ఒకటి గాల్లోనే పగిలింది. నేను చప్పట్లు కొట్టాను. దాని వెనకే ఇంకొకటి, మరొకటి పగిలేసరికి నా చేతులు ఆగిపోయాయి.

కోచ్ సార్ దగ్గరికొచ్చి, "ఈమె ఇంతకుముందు యాడ నేర్సుకున్నదమ్మా?" అని నన్నడిగాడు. నా గురించి ఆ ప్రశ్న ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

ఆమె నాతో ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టింది. తర్వాత సొంత తుపాకీ కొనుక్కుంది. పోటీల్లో పతకాలు రాసాగాయి. వాటిలో ఒకదాన్ని మా హాల్లోనే పెట్టాలని అత్తమ్మ పట్టుబడితే, మా ఆయన డ్రిల్లు తెచ్చి, చోటు కోసం నావి పక్కకు జరిపాడు. ఆ రోజంతా ఆయనతో నేను మాట్లాడలేదు. ఎందుకో ఆయనకు తట్టలేదు.

కిందటేడు పెద్ద పోటీకి ఎంపికలు జరిగాయి. ఆఖరి చోటు దగ్గర మా ఇద్దరికీ స్కోరు సమానంగా వచ్చింది. ఒకరు గెలిచేదాకా, రెండు గదుల్లోంచీ ఒకేసారి వచ్చే జంట బిళ్ళలు కాల్చాలన్నారు. సరిగ్గా అప్పుడే ఆమె తుపాకీ మొరాయించింది. ట్రిగ్గర్ నొక్కితే పేలడం లేదు. ఇంకొకరిది అడిగి తెచ్చుకోవచ్చని రిఫరీ చెప్పాడు. ఆమె నా వైపు చూసింది.

"వదినా, నీది ఇస్తవా?"

ఇవ్వను అంటే చాలు, ఆ చోటు దాదాపు నాదే. కానీ ఆమె తుపాకీ చెడిపోయినందుకు నేను గెలిస్తే, దాన్ని మా ఇంట్లో ఎవరూ గెలుపనరు. "పాపం, పిల్ల తుపాకి ఖరాబైంది" అని అత్తమ్మ జన్మంతా చెబుతుంది. ఆ మాట నేను భరించలేను. మంచితనంతో కాదు, కుళ్ళుతోనే తుపాకీ ఆమె చేతికిచ్చాను.

నేను కాల్చి ఇస్తే ఆమె కాల్చింది. తిరిగి నా చేతికొచ్చేసరికి గొట్టం వేడిగా ఉండేది. కొంతసేపు ఇద్దరం ఏదీ వదల్లేదు. ఆఖరికి నాకు రెండో బిళ్ళ తప్పింది. అది చెక్కుచెదరకుండా వెళ్ళి గడ్డిలో పడింది. ఆమె రెండూ పేల్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఉప్పల్ స్టేడియం దగ్గర మ్యాచ్ జనంలో బండి ఆగిపోయింది. ఆమె నా వెనక కూర్చుని ఉంది. తల తిప్పకుండానే అన్నాను, "నిన్ను సూస్తే నాకు కడుపు మండుతున్నది."

"నాకెర్కే," అంది. "గోడ మీద నీ మెడల్లు సూసినప్పుడల్లా నాకు గూడ గట్లనే ఉండె. నిన్ను మెచ్చుకున్నట్టు అమ్మ నన్నెప్పుడన్న మెచ్చుకున్నదా? అందుకే గద ఆ పొద్దు నీ బండెక్కిన."

వెనకున్న బస్సు హారన్ కొడితే బండి ముందుకు పోనిచ్చాను.

పెద్ద పోటీకి ఆమెకు తోడుగా మా ఆయన సెలవు పెట్టుకుని మరీ వెళ్ళాడు. నా పోటీలకు ఒక్కసారీ పెట్టలేదు. ల్యాబ్ క్యాంటీన్‌లో కూర్చుని, ఆయన చేసిన వీడియో కాల్‌లో చూశాను. ఆమె తొలి బిళ్ళ తప్పినప్పుడు ప్రాణానికి హాయిగా అనిపించింది. ఇంకోటి తప్పేసరికి నా కుడిభుజం దానంతటదే బిగుసుకుంది. రౌండు అయ్యాక ఆమే ఫోన్ అందుకుంది.

"వదినా, సూసినవా? ఏందిట్ల తప్పుతున్నయ్?"

ఆమె తప్పు ఏమిటో నాకు కనిపించింది. చెప్పకుండా ఒక గుక్క చాయ్ తాగాను.

"చెంప లేపుతున్నవ్," అన్నాను. "కట్టెకు గట్టిగ ఆనిచ్చి కాల్చు."

తర్వాతి రౌండులో బిళ్ళలన్నీ పగులుతుంటే, పక్క టేబుల్ వాళ్ళు చూపించమని అడిగినా ఫోన్ వాళ్ళ వైపు తిప్పలేదు.