కాదనిపించుకునే ఉద్యోగం

మొన్న మేనకోడలి పెళ్ళికని రాజధాని సువా నుంచి బస్సెక్కి మా ఊళ్ళో దిగేసరికి, బస్టాండు గోడ మీద ఒక పెద్ద రంగుల కాగితం కనిపించింది. "రేపటి మన పట్టణం ఎలా ఉండాలి? మీ మాట చెప్పండి" అని ఇంగ్లీషులోనూ, హిందీలోనూ, ఫిజియన్‌లోనూ రాసి, కింద నలుపూ తెలుపూ గళ్ళ చదరమొకటి వేశారు. దానికి ఫోను చూపిస్తే ఒక్కొక్క ప్రశ్నా వస్తుంది, ప్రతి ప్రశ్న కిందా ఏడుపు మొహం దగ్గర్నుంచి పళ్ళికిలించే మొహం దాకా వరసగా బొమ్మలుంటాయి, మనకు నచ్చిన మొహాన్ని వేలితో నొక్కితే పట్టణానికి మన సలహా అందినట్టే. బస్టాండును కొత్త రోడ్డు పక్కకు మార్చడం మీకు సమ్మతమేనా అన్నది మొదటి ప్రశ్న. నేను సంచీ కింద పెట్టి, ఏ మొహం నొక్కాలో తేలక, చివరికి నా మొహమే నవ్వుమొహం చేసుకుని నిలబడ్డాను. ఎందుకంటే ఈ ఊరిని ఇదే ప్రశ్న ఇదివరకు ఒకసారి అడిగారు. అడిగినవాళ్ళ వెంట నేనూ ఉన్నాను. అప్పుడు నాకిచ్చిన పని ఏమిటో చెబితే మీరు నమ్మరు: అబద్ధాలాడటం. జీతమిచ్చి మరీ ఆడించారు.

నమ్మరని నాకు తెలుసు, నమ్మకపోవడం మన తరానికి అలవాటే. అబద్ధాలు మా ఇంట్లో ఆస్తిలాగా తండ్రి నుంచి కొడుక్కి వచ్చాయి. మా ముత్తాత మద్రాసు నుంచి చెరకు పనికి ఓడలో వస్తూ దారిలో ఒక తిమింగలంతో చింతపండు బేరమాడాడనీ, అది ధర తగ్గించకపోతే మొహం తిప్పుకున్నాడనీ మా తాత చెప్పేవాడు. ఈ తెలుగు అక్షరాలు నాకు గుళ్ళో కూర్చోబెట్టి దిద్దించినవాడూ ఆ తాతే గనక, వాటితో నేను నిజమే రాయాలంటే కొంచెం కష్టపడాలి. ఇప్పుడు చెప్పేది మాత్రం, ఒకటి రెండు చోట్ల ఉప్పు ఎక్కువైనా, జరిగిందే.

మా ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టినవాణ్ణి నేను. నాకు మీసాలొచ్చి మా పట్టణ కార్యాలయంలో గుమాస్తాగా చేరేసరికి మా ఊరికి కూడా మీసాలొస్తున్నాయి. అంతకు ముందు చెరకు మిల్లు, మిల్లు చుట్టూ కూలీల ఇళ్ళ లైన్లు, ఒక వీధిలో దుకాణాలు, అంతే. అలాంటిది వెళ్ళేవాళ్ళు దేశాలు పట్టి వెళ్ళిపోగా, కౌలు పొలాలు వదులుకున్నవాళ్ళు రాకిరాకి వైపు నుంచీ ఇంకా ఎక్కడెక్కణ్ణించో వచ్చి మా ఊరి అంచున రేకులిళ్ళు వేసుకుంటుంటే, చెరకు ఒక్కటే ఇంతమందికి అన్నం పెట్టదని పెద్దలకు తోచింది. రాబోయే రోజుల్లో ఊరు దేని మీద బతకాలి, ఫ్యాక్టరీ షెడ్లు ఎక్కడ వేయాలి, మార్కెట్టు ఎంత పెంచాలి, బస్సులు ఎక్కడ ఆగాలి అన్నవన్నీ జనాన్ని అడిగి మరీ రాయాలని సువా నుంచి ఒక ఆఫీసరును పంపించారు. ఆయన మనవాడే, తెలుగువాళ్ళ మనవడే, కానీ తెలుగు ఆయన ఇంట్లో పెళ్ళి మంత్రాల వరకే మిగిలింది. పై దేశంలో చదివొచ్చినా గర్వం లేని మనిషి, తెల్ల చొక్కా, చెప్పులు. నాకు నాలుగు భాషలూ నాలిక చివరనే ఉంటాయని చెప్పి (ఇది మా పెద్ద గుమాస్తా చెప్పిన అబద్ధం, నాది కాదు) నన్ను ఆయన వెంట వేశారు.

ఆయన చేతిలో అప్పటికే ఒక చిత్తు ప్రణాళిక ఉంది. సముద్రం పక్క మెరక చేసిన నేలలో, కొత్త రోడ్డు మీద, కుట్టుపని షెడ్లు వస్తాయి. బస్టాండు కూడా అక్కడికే పోతుంది. పాత బస్టాండు జాగాలో బ్యాంకులూ పెద్ద దుకాణాలూ లేస్తాయి. కాగితం మీద చూస్తే కళ్ళకు పండగే. అయితే ఆ పాత బస్టాండులో, మార్కెట్టు గేటుకు ఎదురుగా, ఒక రేకు కింద మా మేనత్త రోటీ పార్శిళ్ళు అమ్మేది. బంగాళాదుంప కూర, చింతపండు పచ్చడి, అరటాకులో చుట్టిన రోటీ. ఆమె పచ్చడి వాసనకు లౌటోకా బస్సు ఒకసారి డ్రైవరు లేకుండానే కదిలి వచ్చి ఆ రేకు ముందు ఆగిందని నేను చాలామందికి చెప్పాను. మామయ్య మిల్లులో నడుం పడి ఇంట్లో ఉన్నాక ఆ ఇల్లు ఆ రేకు మీదే నడిచేది. బస్టాండు పోతే ఆ రేకు ఉన్నా ఒకటే, ఎగిరిపోయినా ఒకటే.

ఆఫీసరు మంచివాడని చెప్పాను కదా, మర్యాదలు కూడా నేర్చుకునే వచ్చాడు. ఏ పేటకు, ఏ కోరోకు వెళ్ళినా (ఫిజియన్ల పల్లెను కోరో అంటామని మీకు చెప్పక్కరలేదు) ముందు దంచి నీళ్ళలో కలిపి తాగే యాంగొనా వేళ్ళ కట్ట తీసుకెళ్ళి పెద్దల ముందు పెట్టి, కూర్చుని, చప్పట్లు కొట్టి, కొబ్బరి చిప్ప అందుకుని తాగి, అప్పుడు ప్రణాళిక విప్పి, ఇది మీకు ఇష్టమేనా అని వినయంగా అడిగేవాడు. అందరూ తలలూపేవారు. చెరకు రైతులు ఊపారు. కోరోలో ఊపారు. మిల్లు లైన్లలో ఊపారు. మార్కెట్టు వాళ్ళను టౌన్ హాల్లో కూర్చోబెట్టి అడిగితే, మొదటి వరసలో కొంగు భుజాన కప్పుకుని కూర్చున్న మా అత్త అందరికంటే గట్టిగా ఊపింది. ఆఫీసరు ఉప్పొంగిపోయి, ఒక్క గొంతు కూడా అడ్డం రాని పట్టణాన్ని ఇదే మొదటిసారి చూస్తున్నానన్నాడు.

నాకేమో ఇదేదో తేల్చుకోవాలనిపించింది. బాధ కాదు, ఉత్త కుతూహలం. మా అత్త సంగతి నాకు తెలుసు. సూర్యుడు పొడిచాడంటే "ఏదీ, నేను చూడాల" అని బయటికి వచ్చే మనిషి. అలాంటిది తన రేకు మీద తనే రాయేసుకుంటూ తలెందుకు ఊపింది? సాయంత్రం వెళ్ళి అడిగితే రోటీ తిప్పుతూనే, "ఆయన పెద్దమనిషి, అల్లుడా. మన జాగాకి వచ్చినాడు" అని ఊరుకుంది.

ఈ ముడి విప్పింది మా పెద్దనాన్న. పెద్దనాన్న అంటే రక్తసంబంధం కాదు, మా నాన్నతో కలిసి ఫుట్‌బాల్ ఆడిన కోరో పెద్ద, మా ఇంట్లో అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఆయన మన హిందీ మనకంటే బాగా మాట్లాడేవాడు. నేను అడిగిందానికి పొట్ట పట్టుకుని నవ్వి, ఇంటికొచ్చి వేరు పెట్టి కూర్చున్న అతిథి మొహం మీద కాదని ఎవడంటాడురా, మీ సాహెబు వేరు పెట్టి మరీ అడుగుతున్నాడు, ఆయన సముద్రాన్ని కొండెక్కిస్తానన్నా మేం వినాకా, వినాకా, బాగు బాగు అనే అంటాం అన్నాడు. మరి కాదని ఎవరితో అంటారని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "తుమార్ రకం ఆద్మీ సే. ఘర్ కే ఝూఠా సే" అన్నాడు. నీలాంటివాడితో, ఇంట్లో అబద్ధాలకోరుతో అంటాం అని. నా జీవితంలో నాకు దొరికిన యోగ్యతాపత్రం అదొక్కటే.

మర్నాడు ఆఫీసరుకు ఇది చెప్పడానికి నాకు ధైర్యం చాలక, చూపించాను. చెరకు రైతుల పేటకు రెండోసారి వెళ్ళినప్పుడు, ఆయన ప్రణాళిక విప్పకముందే నేనే ఎత్తుకున్నాను. కొత్త ప్రణాళికలో చెరకు రైలుకు మెత్తటి సీట్లూ ఫ్యాన్లూ బిగిస్తారనీ, ఇక కూరగాయలూ, పెళ్ళివారూ, పెళ్ళికొడుకు గుర్రమూ అన్నీ అందులోనే పోతాయనీ, గుర్రానికి సగం టిక్కెట్టేననీ చెప్పాను.  అంతే, వెనకనుంచి ఒక ముసలాయన, "ఝూఠ్! మిల్లు ఆగితే రైలు యాడ తిరుగుతాది? రైలెందుకురా, వాగు మీద వంతెన ఎయ్యమను. వాన పడితే నా వంకాయలు ఇంట్లోనే కుళ్ళిపోతాయి" అని అరిచాడు. ఇంకొకడు లేచి వంతెన కాదు, ముందు మందుల షాపు అన్నాడు. ఆడవాళ్ళు వంటింటి గుమ్మంలోంచే కలబడ్డారు, షెడ్లలో ఆడపిల్లలకు పని ఇస్తే చీకటి పడ్డాక ఇంటికి ఏ బస్సు తెస్తాదని. నన్ను తిట్టినన్ని తిట్లు తిట్టి, ఆఫీసరుకు మాత్రం రెండో చిప్ప ఎంతో మర్యాదగా అందించారు. ఆయన తాగడం మరిచిపోయి వాళ్ళ మొహాలే చూస్తున్నాడు.

ఆ రోజునుంచీ నాకు ఆ ఉద్యోగం స్థిరపడింది. కోరోలో మడ చెట్లన్నీ కొట్టేసి హోటలు కడతారనీ, పీతలు టైలు కట్టుకుని తలుపు తీస్తాయనీ చెప్పాను. "లాసులాసు!" అని అబద్ధాలకోరును వాళ్ళు పిలిచే మాటతో తిట్టి, నామీద చాప విసిరి, ఆ పీతలమ్మే మా పిల్లల బడి ఫీజు కడుతున్నాం, మడ జోలికి రావద్దు, కావాలంటే పీతలు అమ్ముకోడానికి మార్కెట్టులో నీడ ఇమ్మన్నారు. మిల్లు లైన్లలో, ఇకమీద కుళాయిల్లో చెరకు రసమే వస్తుందన్నాను. నీళ్ళు రాని కుళాయిని చూపించడానికి నన్ను చెవి పట్టుకుని తీసుకెళ్ళారు. ఆఫీసరు తిరుగుదారిలో, రేపటికి ఏం తయారు చేశావని నన్ను అడగడం మొదలెట్టాడు. ఒకసారి ఒక అబద్ధానికి తనే తోక తగిలించాడు కూడా.

చివరికి బస్టాండు మిగిలింది. ఈసారి హాల్లో వద్దు, అక్కడికే పోదామని ఆయనే అన్నాడు. మధ్యాహ్నం బస్సులు తగ్గిన వేళ, అత్త రేకు ముందు బెంచీల మీద టాక్సీవాళ్ళూ, దాలో దుంపలమ్మే కోరో ఆడవాళ్ళూ, పక్కన పెద్దనాన్నా చేరారు. ఆ రోజు చెప్పబోయే అబద్ధం నా ఇంటిమీదే. నేను గొంతు సవరించుకుని, కొత్త బస్టాండులో మేడమీద మా అత్త సిమెంటుతో కట్టిన కొట్టు కోరుకుందనీ, రంగుల బోర్డుకు పేరు కూడా ఎంచుకుందనీ, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని గంట కొడితే రోటీలు వాటంతట అవే దొర్లుకుంటూ కిందికి వస్తాయనీ ప్రకటించాను.

అత్త చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"ఎవురు జెప్పినారు నీకు? హమ్ బోలా, నేను జెప్పినానా?"

హాల్లో తల ఊపావు కదత్తా అన్నాను.

"తలకాయ ఊపితే మేడెక్కినట్టా? ఒరే లబాడ్, అబద్ధాలోడా, రోటీ కోసం మేడెవుడు ఎక్కుతాడు? బస్సు ఈడ ఆగుతాది, ఆకలి ఈడ దిగుతాది, నేను ఈడ ఉండాల! ఆ యక్క దాలో మూట నెత్తినేసుకుని అంత దూరం ఎండలో ఎట్టా నడుస్తాది? ఆసుపత్రికి పొయ్యే ముసలోళ్ళు? నీ ఫ్యాను గాలికి ఆకలేస్తాదా? బస్టాండు పొయ్యిందంటే మీ మామకి మందులెవుడు తెస్తాడు, నీ అబద్ధాలు తెస్తాయా?"

చుట్టూ ఉన్నవాళ్ళు "ఠీక్ బోలా! ఠీక్ బోలా!" అని బల్లలు చరిచారు. అప్పుడుగానీ ఆమెకు బెంచీ చివర కూర్చున్న ఆఫీసరు కనిపించలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతిథి ముందు కాదనేసింది. ఒక్క క్షణం ఆలోచించి, అన్నిటికంటే పెద్ద రోటీ తీసి, కూర దట్టించి, ఆకులో చుట్టి ఆయన చేతిలో పెట్టి, "నీకు కాదు బాబూ, ఈ దొంగకి చెప్పినా" అంది. ఆయన ఆ రోటీ తింటూ, నోటినిండా కూరతో, వీడికి ఇంకా ఏం చెప్పాలో అదీ చెప్పమ్మా అన్నాడు. సాయంత్రం బస్సులు వచ్చేదాకా చెప్పింది.

ప్రణాళిక మారింది. షెడ్లు కొత్త రోడ్డు మీదే వచ్చాయి, బస్టాండు మాత్రం కదల్లేదు. షెడ్ల పని వదిలే వేళకు ఒక బస్సు అక్కడిదాకా వెళ్ళి ఆడపిల్లల్ని తెచ్చేది, వాళ్ళు దిగి అత్త దగ్గర రోటీ కొనుక్కుని తమ తమ పేటల బస్సులెక్కేవారు. వాగు మీద వంతెన ఆలస్యంగానైనా పడింది. మిల్లు లైన్ల కుళాయి సంగతి అడక్కండి. అత్త తన చేతులు ఆడినంతకాలం ఆ రేకు కిందే ఉంది, మామయ్య మందులకు ఏనాడూ లోటు రానివ్వలేదు. ఊరు ఎలా పెరగాలో ఆ ఏడాది రాసిన పుస్తకంలో నా పేరు లేదు, ఉండకూడదు కూడా. కానీ అందులో ప్రతి మంచి మాటా ముందు నన్ను తిట్టాకే వచ్చిందని నాకు తెలుసు. తర్వాత ఆ ఆఫీసరే నన్ను సువాకు పిలిపించుకున్నాడు, నేను అక్కడే సంసారం పెట్టుకుని, పండగలకూ పెళ్ళిళ్ళకూ మాత్రమే ఇటు వచ్చేవాణ్ణయ్యాను.

మొన్న ఆ రంగుల కాగితం ముందునుంచి కదిలి, అత్త రేకు ఉన్నచోటికే వెళ్ళాను. ఇప్పుడక్కడ గాజు పెట్టె వెనక ఒక అమ్మాయి రోటీ పార్శిళ్ళు అమ్ముతోంది. మా వాళ్ళ పిల్ల కాదు, ఎవరి పిల్లో తెలీదు. పచ్చడిలో చింతపండు బదులు ఏదో సీసాలోది వాడుతున్నట్టుంది. నాకు పాత ఉద్యోగం గుర్తొచ్చి నాలిక దురదపెట్టింది. ఈ బస్టాండును సముద్రం మధ్యకు మారుస్తారట, బస్సులకు తెడ్లు కడతారట, నీ కొట్టు ఒక తాబేలు మీద పెడతారట, విన్నావా అని ఎంతో గంభీరంగా అడిగాను. అడిగి, తిట్టు కోసం చెవులు రిక్కించాను. ఝూఠా అంటుందని, ముసలాయనా నీకేమైనా పిచ్చా అంటుందని, నా కొట్టు ఇక్కణ్ణించి కదిలితే మా ఇల్లెట్లా నడుస్తుందో నీకు తెలుసా అని గాజు పెట్టె మీద కొడుతుందని.

ఆ అమ్మాయి ఫోను పక్కన పెట్టి, రెండు చేతులతో పార్శిలు అందించి, చిన్నగా నవ్వింది. "అచ్ఛా, అంకుల్" అంది, ఎంతో మర్యాదగా తల ఊపుతూ.

పార్శిలు వేడిగానే ఉంది. నేను బెంచీ మీద కూర్చుని చాలాసేపు దాన్ని విప్పలేదు. మా ఊరు నన్ను అతిథిని చేసేసింది.