మోటారు షెడ్డులో బావురుపిల్లి

పోయిన వేసవిలో కోరంగి దగ్గర మా చేపల చెరువు మోటారు షెడ్డులోకి వెళ్లాను. గాలికి తలుపు మూసుకుని బయటి గడియ పడింది. కిటికీ లేదు. మూలన చేపలు తినే బావురుపిల్లి గుర్రుమంది. "బావురుపిల్లి!" అని కేకపెట్టాను.

"ఉండమ్మా, కర్రలు తెచ్చాం. తలుపు తీసి కొట్టేస్తాం!" అన్నాడు పనివాళ్లతో పరుగెత్తుకొచ్చిన మా అబ్బాయి, బయటినుంచి.

అంతకుముందు ఆ పిల్లుల మీద పరిశోధన చేసే అమ్మాయి మా చర్చి హాల్లో బొమ్మలు చూపించి, "దారి వదిలితే మన జోలికి రాదండి" అని చెప్పిన మాట గుర్తొచ్చింది.

"కర్రలు పడేసి, తలుపు తీసి దూరం పోండ్రా! బెదిరితే నా మీదే పడుద్ది!" అని అరిచాను.

"నీకేమన్నా మతిపోయిందేంటమ్మా?" అంటూనే తలుపు తీసి తప్పుకున్నాడు. పిల్లి నా చీర రాసుకుంటూ మడ చెట్లలోకి దూసుకుపోయింది.

అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, ఉన్నమాట రాస్తున్నాను. ఆ రోజు పిల్లికన్నా మావాళ్ల కర్రలకే ఎక్కువ భయపడ్డాను.