హైమవతి కొన్న కిటికీల రూట్

ఫార్మింగ్టన్ హిల్స్‌లో హైమవతిని ఎరగని తెలుగు కుటుంబం లేదు. పంటి నొప్పి వచ్చిన ప్రతివాళ్ళకీ అపాయింట్‌మెంట్ ఇచ్చింది ఆవిడే మరి. ట్వెల్వ్ మైల్ రోడ్డు మీద ఒక డెంటల్ ఆఫీసులో ముందు బల్ల దగ్గర పదేళ్ళకి పైగా కూర్చుంది. పోయినేడు వేసవి ముందర ఆ ఆఫీసుని ఏదో పెద్ద కంపెనీ కొనేసింది. ఫోన్లు ఎత్తడానికి మనిషి అక్కర్లేదు, అంతా కంప్యూటరే చూసుకుంటుందన్నారు. హైమ తన కాఫీ మగ్గూ, కుర్చీలో వేసుకునే దిండూ చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

సలహాలకేం కరువు? రియల్ ఎస్టేట్ లైసెన్స్ తీసుకోమన్నారొకరు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో, మా రుత్విక్ నేర్పిస్తాడు అన్నారింకొకరు. పోనీ పచ్చళ్ళు పెట్టి అమ్మరాదూ అన్నారు మరొకరు. హైమ అందరికీ తలూపింది, ఎవరి మాటా వినలేదు. నలభై ఆరేళ్ళ మనిషి. బల్ల వెనకాల కూర్చుని నవ్వే ఉద్యోగం ఇంక చచ్చినా చెయ్యనని ఆవిడ అప్పటికే లోపల తీర్మానించుకుంది.

ఆ ఆఫీసు అద్దాలు నెలనెలా కడగడానికి డెన్నిస్ అని ఒకాయన వచ్చేవాడు. అరవై దాటిన వయసు, తాటిచెట్టంత మనిషి, మాట తక్కువ. హైమ ఆఖరి రోజున అతను బయట అద్దం మీద పని చేస్తుంటే వెళ్ళి, "నీకు సాయానికి మనిషి కావాలా?" అని అడిగింది. డెన్నిస్ నవ్వాడు. ఆవిడ నవ్వడం లేదని చూసి తనూ ఆపేశాడు.

"సోమవారం ఏడింటికల్లా రా. జారని బూట్లు వేసుకో," అన్నాడు.

మొదటి రెండు వారాలూ భుజాలు పడిపోయాయి. రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. అయినా ఒక్క పూట మానలేదు. సబ్బు నీళ్ళు పూసి, రబ్బరు అంచున్న స్క్వీజీతో పైనుంచి కిందికి లాగితే అప్పటిదాకా మసకగా ఉన్న అద్దం ఒక్కసారిగా లేనట్టే అయిపోతుంది. అది చూసిన ప్రతిసారీ ఆవిడకి లోపల ఏదో తేలికపడేది. నిచ్చెనంటే భయం లేదు. విజయవాడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినప్పుడు డాబా మీద నీళ్ళ ట్యాంకు ఎక్కి కూర్చుని, దిగమని కేకలేసే వాళ్ళమ్మని ఏడిపించిన పిల్ల.

సెప్టెంబర్ మొదట్లో ఒక మధ్యాహ్నం వ్యాన్ వెనక తలుపు తీసి అంచు మీద కూర్చుని శాండ్‌విచ్ తింటూ డెన్నిస్ అన్నాడు: "నా మోకాళ్ళు అయిపోయాయి హైమా. రూట్ అమ్మేస్తున్నా."

ఆ పనిలో రూట్ అంటే ఇళ్ళూ, షాపులూ, ఏ నెలలో ఎవరికి చెయ్యాలో ఆ వరసా, అన్నీ కలిపి. కొన్నవాళ్ళకి నిచ్చెనలూ బకెట్లూ కాదు వచ్చేది, డెన్నిస్ ముప్పై ఏళ్ళుగా తట్టిన తలుపులు. సౌత్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ అడుగుతోందట. "నీకు కావాలంటే నీకే ముందు. నెలాఖరు లోపు చెప్పు," అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర హైమ మొగుడికి చెప్పింది. కృష్ణమోహన్ కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజినీరు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"వేసవిలో సరదాకి చేస్తున్నావనుకున్నా హైమా. కొనడమేమిటి?"

"సరదాకి ఎవరైనా పొద్దున్నే లేచి బకెట్ మోస్తారా అండీ?"

"నలుగురూ ఏమనుకుంటారన్నది పక్కన పెట్టు. నువ్వు రెండో అంతస్తు కిటికీ దగ్గర నిచ్చెన మీద ఉన్నావని తెలిసి నేను మీటింగ్‌లో ఎలా కూర్చోవాలి చెప్పు?"

"జనవరిలో మంచు పడుతుంటే మీరు ఫ్రీవే మీద డ్రైవ్ చేస్తున్నారని తెలిసి నేనిక్కడ వంటెలా చేస్తున్నానో, అలాగే."

కృష్ణమోహన్ ఒప్పుకోలేదు. కంచం కడిగి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం రామమోహన్ గారింట్లో సత్యనారాయణ వ్రతం. ఆయన అందరికంటే ముందొచ్చి స్థిరపడిన మనిషి, ఏ శుభకార్యమైనా ఆయన చేతి మీదుగానే జరగాలి. ప్రసాదాలయ్యాక జనం కాఫీలు పట్టుకుని నిలబడి ఉంటే, ఆయన వెనకవైపు నిలువెత్తు అద్దాల గోడ చూపిస్తూ గొంతు పెంచాడు.

"ఏమ్మా హైమా, నువ్వేదో కిటికీలు తుడిచే కంపెనీ కొంటున్నావటగా! మా ఇంటికేమైనా డిస్కౌంట్ ఇస్తావా?"

పక్కనున్న నలుగురూ నవ్వారు. కృష్ణమోహన్ కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. మొగుడు తల దించుకోవడం చూసేసరికి హైమకి ఒళ్ళు మండింది. కానీ గొంతు మామూలుగానే వచ్చింది.

"డిస్కౌంట్ లేదు అన్నయ్య గారూ. శనివారం తొమ్మిదింటికి వస్తాను. కార్లు గరాజ్ ముందర లేకుండా చూడండి."

ఇంకా గట్టిగా నవ్వారు. జోక్ అనుకున్నారు.

శనివారం తొమ్మిదింటికి ఆ ఇంటి ముందు, ఒక్క పూటకి అడిగి తెచ్చుకున్న డెన్నిస్ వ్యాన్ ఆగింది. హైమ ఒక్కతే దిగింది. ముదురు నీలం ప్యాంటు, నడుముకి స్క్వీజీలు పెట్టుకునే బెల్టు. తలుపు తీసిన రామమోహన్ గారు ఆ బెల్టు వంకా, వ్యాన్ వంకా చూశాడు.

"అయ్యో చెల్లెమ్మా, నేనేదో సరదాకి..."

"నేను సరదాకి రాలేదు అన్నయ్య గారూ. బయట కొళాయి ఎక్కడుందో చూపించండి."

"పోనీ వెనకవైపు నుంచి మొదలుపెట్టరాదూ? పదింటికి మావాళ్ళెవరో వస్తున్నారు..."

"మొదలెప్పుడూ ముందువైపే," అంటూ హైమ గుమ్మం పైనున్న పెద్ద కిటికీకి నిచ్చెన ఆనించి ఎక్కేసింది. వచ్చినవాళ్ళు వచ్చారు. నిచ్చెన మీద నుంచే నమస్కారం పెట్టింది. వాళ్ళూ తలెత్తి నమస్కారం పెట్టి, ఎటు చూడాలో తెలియక లోపలికి పోయారు. అద్దాల గోడ కడిగేసరికి మధ్యాహ్నమైంది. రామమోహన్ గారి భార్య లక్ష్మి గారు కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన పర్సు తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"మన హైమకి డబ్బులేమిటండీ, బావుండదు!"

"మన హైమ పండక్కి భోజనానికి వస్తుంది వదినా, అప్పుడు తాంబూలం ఇవ్వండి," అంది హైమ కాఫీ అందుకుంటూ. "ఇవాళ వచ్చింది కిటికీలు కడిగే మనిషి. ఆవిడ డబ్బులు తీసుకుంటుంది."

తీసుకుంది కూడా. కాఫీ చివరిదాకా తాగి, కప్పు కడిగిచ్చి మరీ వెళ్ళింది.

ఊళ్ళో వాళ్ళకి ఇలా జవాబు చెప్పడం తేలికే. కానీ కొనాలా వద్దా అన్నది ఆ జవాబులతో తేలేది కాదని హైమకి తెలుసు. ఇన్నాళ్ళూ ఆవిడ డెన్నిస్ వెనకాల నడిచింది. తలుపులు అతన్ని చూసి తెరుచుకున్నాయి. అతను లేకపోతే తెరుచుకుంటాయా?

"ఒక వారం నేనొక్కదాన్నే వెళ్తాను. నువ్వు ఇంట్లో కూర్చో," అంది డెన్నిస్‌తో. అతనికి నచ్చలేదు. "నా కస్టమర్లని నువ్వు పరీక్షిస్తావా?" అన్నాడు. ఆవిడ వదల్లేదు. చివరికి వ్యాన్ తాళాలు చేతిలో పడేశాడు.

ఆ వారం హైమ చాలా నేర్చుకుంది. ఎక్కువమంది ఏమీ అడగలేదు, కుక్కని లోపల కట్టేసి గేటు తీశారు. ఒకాయన మాత్రం ఆవిడ పని చేస్తున్నంత సేపూ కిందే నిలబడి కాపలా కాశాడు. ఒక ముసలావిడ తలుపు సగం తీసి, "డెన్నిస్ ఏడీ?" అంది. ఇవాళ నేనే వచ్చానని హైమ చెప్పింది. "డెన్నిస్ వచ్చినప్పుడే రా," అని ఆవిడ మొహం మీదే తలుపు వేసేసింది. హైమ వ్యాన్లో కూర్చుని కాసేపు స్టీరింగ్ పట్టుకునే ఉండిపోయింది. అయినా తర్వాతి ఇంటికి టైముకే వెళ్ళింది.

గురువారం షాపుల వంతు. ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద ఒకే వరసలో ఉన్న దుకాణాలు, రూట్‌లో మంచి రాబడి అంతా అక్కడే. కళ్ళజోళ్ళ షాపాయన మంచివాడు. హైమ తుడుస్తుంటే బయటికొచ్చి, "పాపం డెన్నిస్‌ని మిస్ అవుతాం. జనవరి నుంచి బిల్డింగ్ ఓనరే మొత్తం వరసకి తన మనుషుల్ని పెడుతున్నాడుగా. డెన్నిస్ చెప్పే ఉంటాడు," అన్నాడు.

డెన్నిస్ చెప్పలేదు.

హైమ ఆ పని పూర్తి చేసి, తిన్నగా అతని ఇంటికి వెళ్ళింది. డెన్నిస్ వరండాలో మోకాలి మీద ఐసు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆర్చర్డ్ లేక్ షాపులు పోతున్నాయని నీకు ఎప్పుడు తెలిసింది?"

అతను మోకాలి మీద ఐసు సర్దుకున్నాడు. "వేసవిలో. ఆ ఓనర్ మనసు మార్చుకుంటాడనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇది నా రిటైర్మెంట్, హైమా. ఇంకేం లేదు నాకు."

ఆ మాటకి ఆవిడకి జాలేసింది. జాలి వేరు, బేరం వేరు అనుకుంది.

"సరే, విను. షాపులకి నేను పైసా ఇవ్వను. ఇళ్ళు మాత్రం కొంటాను. అవి కూడా వచ్చే వసంతం దాకా నా దగ్గర నిలబడినవాటికే డబ్బు. నా మొహం మీద తలుపు వేసినవాళ్ళు నువ్వు అమ్మగలిగినవాళ్ళు కారు."

డెన్నిస్ మొహం ఎర్రబడింది. "ఆ కంపెనీవాళ్ళు నెలాఖరుకి మొత్తం ఒకేసారి ఇస్తామన్నారు. ఇలాంటి షరతులేమీ లేవు."

"అయితే వాళ్ళకే అమ్ము. షాపుల సంగతి వాళ్ళకి చెప్పి మరీ అమ్ము," అని తాళాలు వరండా గట్టు మీద పెట్టి హైమ వచ్చేసింది. ఆపుతాడేమోనని, పొద్దున్న అక్కడ వదిలిన తన కారు దాకా నెమ్మదిగానే నడిచింది. అతను ఆపలేదు.

ఇంటికొచ్చి జరిగిందంతా కృష్ణమోహన్‌కి చెప్పింది. అమ్మయ్య అంటాడనుకుంది. ఆయన వేరే మాట అన్నాడు.

"దాచిపెట్టి అమ్మబోయాడా నీకు?" అన్నాడు. ఆవిడ కోసం ఆయనకి కోపం రావడం హైమ చాలా ఏళ్ళ తర్వాత చూసింది. ఆ వెంటనే, "ఇప్పుడేం చేస్తావ్?" అన్నాడు.

"నా రూట్ నేనే కట్టుకుంటా. అతను తట్టని వీధులు లేవా ఈ ఊళ్ళో?"

నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. డెన్నిస్ దగ్గర్నుంచి ఫోన్ లేదు. హైమ ఒక నిచ్చెన కొంది. కృష్ణమోహన్ షాపుకి తోడొచ్చి, మొదట ఆవిడ ఎంచినదాన్ని అటూ ఇటూ ఊపి చూసి, "ఇది కాదు, అడుగు వెడల్పుగా ఉన్నది తీసుకో," అన్నాడు. అంతకంటే ఒప్పుకోలు ఆవిడ అడగలేదు. తెల్లారి నుంచి నోవై వైపు కొత్త ఇళ్ళ వీధుల్లో తలుపులు కొట్టడం మొదలుపెట్టింది. చాలామంది వద్దన్నారు. ఒకమ్మాయి తన చంటిపిల్లని ఎత్తుకుని వచ్చి, "ఈ కిటికీలోంచి మాకు సూర్యుడు కనబడి ఏడాదైంది, రేపే రండి," అంది. వారం తిరిగేసరికి అలాంటి ఇళ్ళు అరడజనయ్యాయి.

ఆ తర్వాతే ఒక సాయంత్రం డెన్నిస్ వ్యాన్ వాళ్ళ ఇంటి ముందు ఆగింది. దిగడానికి ఇబ్బంది పడుతుంటే హైమే ఎదురెళ్ళింది.

"వాళ్ళకి నిజం చెప్పాను," అన్నాడు. "ధర సగానికి కోసేశారు. పైగా ఇళ్ళకి వారానికో కొత్త కుర్రాడిని పంపుతారట. నా కస్టమర్లకి అది పడదు." మోకాలు రుద్దుకుంటూ, "నీ షరతులకి సరే," అన్నాడు.

"ఇంకొకటుంది. ప్రతి ఇంటికీ నువ్వు నాతో వచ్చి, తలుపు కొట్టి, ఇకనుంచి ఈవిడే అని నీ నోటితో చెప్పాలి."

"నా మోకాళ్ళతోనా?"

"గుమ్మాల దాకానేగా. నిచ్చెన నేనెక్కుతా."

డెన్నిస్ పెద్దగా నవ్వాడు. కృష్ణమోహన్ లోపల్నుంచి టీ పెట్టి తెచ్చాడు. కాగితాల మీద సంతకాలు మర్నాడు చేసుకున్నారు.

అలా అక్టోబర్‌లో మిగతా రోజులన్నీ ఇద్దరూ గుమ్మాలు తిరిగారు. వసంతం వచ్చేసరికి కొందరు జారిపోయారు, చాలామంది నిలబడ్డారు. నిలబడినవాళ్ళ మేరకి హైమ డెన్నిస్‌కి లెక్క తేల్చేసింది. డెన్నిస్ పక్కనుండి చెప్పినా సరే, ఆ ముసలావిడ మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆ ఇంటి కిటికీలు మురికిగానే ఉన్నాయి. అటుగా వెళ్ళినప్పుడల్లా హైమకి చిన్న ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది, కానీ మళ్ళీ వెళ్ళి తలుపు కొట్టలేదు.

చలికాలంలో ఇళ్ళవాళ్ళు పిలవరు. అందుకని గ్రాండ్ రివర్ మీద చిన్న చిన్న దుకాణాలు సొంతంగా పట్టుకుంది. నీళ్ళు అద్దం మీదే గడ్డ కట్టకుండా బకెట్లో కార్ల అద్దాలకి వాడే నీలం ద్రవం కలుపుతుంది. ఈ డిసెంబర్‌లో ఒక పొద్దున్న, ఊపిరి పొగలా వస్తుంటే, ఒక మంగలి షాపు అద్దం మీద స్క్వీజీ లాగి వెనక్కి జరిగి చూసుకుంటోంది. లోపల్నుంచి యజమాని వేలితో అద్దం మీద టకటకా కొట్టి, ఒక మూల మరక ఉందని చూపించాడు. కొత్తగా చేరిన కస్టమరు. పక్కనే గడ్డం గీయించుకుంటున్నాయన కూడా తల తిప్పి చూశాడు.

హైమ దగ్గరికెళ్ళి చూసింది. గుడ్డ తీసి ఆ మూల మళ్ళీ ఒకసారి తుడిచింది. మరక కదల్లేదు. అప్పుడు చేతి తొడుగు తీసి, సరిగ్గా ఆ మరకకి ఎదురుగా వేలు ఆనించి, అతని కళ్ళలోకి చూస్తూ గట్టిగా చెప్పింది.

"అది నీ వైపుది. లోపలా తుడవాలంటే దానికి రేటు వేరే."

అతను గొణుక్కుంటూ లోపల్నుంచి తన చొక్కా చేతితో దాన్ని రుద్దాడు. హైమ బకెట్ ఎత్తుకుని పక్క షాపు అద్దం దగ్గరికి నడిచింది.