బోర్లా తీసిన స్కాన్

ఏలూరు స్కాన్ సెంటర్లో సీటీ తీసే హెప్సిబా, తెరమీద ఏం కనిపించినా ముఖంలోకి రానివ్వదు. రోగికి జబ్బు సంగతి చెప్పాల్సింది డాక్టరే. ఆ ఉదయం భీమడోలు రైసుమిల్లు కార్మికుడు వీరాస్వామి ఆయాసంతో వచ్చాడు. ఆయన అన్న ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుతోనే చనిపోయాడు.

"గాలి పీల్చి బిగబట్టండి," అంది. ఊపిరితిత్తుల అడుగున మంచులాంటి తెల్లటి పొర కనిపించింది. అది ఆ జబ్బే కావచ్చు; కానీ వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల బరువు వెనక్కి పడి, ఆ ఒత్తిడికీ ఒక్కోసారి అలా కనిపిస్తుంది. బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీయమంటారా అని డాక్టరుగారిని ఫోన్లో అడిగి, స్కాన్ గదిలోకి వెళ్లింది.

"ఒక్కసారి బోర్లా పడుకోండి, బాబాయ్ గారూ."

"మా అన్నకి వచ్చిందేనా అమ్మా?"

ఆమె మళ్లీ తీసింది. పొర మాయమైంది; అది ఒత్తిడి వల్ల కనిపించిందే, జబ్బు కాదు. గుండె కుదుటపడ్డా, చెప్పే అధికారం తనకి లేదు.

"డాక్టరుగారు సాయంత్రం చెప్తారండి. ఈలోగా కడుపునిండా భోజనం చేయండి."

ఆమె చెప్పకుండానే చెప్పిన కబురు అర్థమై, వీరాస్వామి స్కాన్ బల్లమీదే కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.